గుమ్మంలో మనిషి లేని వీధికి గంగమ్మ ఎందుకొస్తుంది?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ అధికారులకు, తిరుపతి నగరపాలక సంస్థ పాలకులకు,



2024-29 పర్యాటక విధానంతో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. ఇళ్లను అతిథుల బసకు తెరవమని, హోమ్ స్టేలు పెట్టుకోమని ప్రోత్సహిస్తున్నారు. 2025-26 కేంద్ర బడ్జెట్ కూడా హోమ్ స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించింది. ఇదంతా మంచికేనని మీరు నమ్ముతున్నారు. ఊళ్లోకి నాలుగు డబ్బులు రావాలని కోరుకోవడం తప్పేమీ కాదు. నాకు మింగుడు పడనిది ఈ ఉత్సాహం వెనకున్న ఆలోచన. ఊరిని గదుల లెక్కలో చూడటం, వచ్చినవాళ్లు ఎంతమంది, పడకలు ఎన్ని అన్నంత వరకే ఆగిపోవడం. తిరుపతి పాతూరు వీధుల్లో ఏ ఇల్లు కాపురానికి నడుస్తోంది, ఏ ఇల్లు ఒక రాత్రి బసకు నడుస్తోంది అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలిగే రిజిస్టరు మీ రెండు కార్యాలయాల్లో దేంట్లోనైనా ఉందా? రోజువారీ అద్దె ఫ్లాట్ల ప్రకటనలు ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తాయి. అవి మీ కంటికి మాత్రం ఆనడం లేదా? తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను రాష్ట్ర పండుగగా గుర్తించింది ప్రభుత్వమే. ఆ పండుగ నడిచే వీధుల్లో ఇళ్లను రాత్రికింత అని అమ్ముకోమని ఊతమిస్తున్నదీ ప్రభుత్వమే. ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయని మీకు గుర్తు చేయడానికే ఈ లేఖ.

గంగ జాతర గుడి ప్రాంగణంలో జరిగి ముగిసే ఉత్సవం కాదని మీకు తెలియనిది కాదు. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషంలో ఊరంతా తిరిగిందని కథ. అందుకే జాతర చాటింపు వేసింది మొదలు వేషాలు వీధిన పడతాయి. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నాముసుద్ద, బండ వేషానికి ఎర్రటి కుంకుమ, తోటి వేషానికి నల్లటి బొగ్గుపొడి. దొర వేషంనాడు పాలెగాడి కథ ముగుస్తుంది. ఆ మీదట మాతంగి వేషం, సున్నపు కుండలు, చివరికి అమ్మవారి విశ్వరూపం, చెంప తొలగింపు. కైకాల వంశీకులు తరతరాలుగా కట్టే అసలు వేషాలు ఒక ఎత్తయితే, మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని బయల్దేరడం మరో ఎత్తు. చంటిపిల్లాడికి సైతం తల్లి ముఖాన బొగ్గు పూసి, వేపమండ చేతికిచ్చి తోటి వేషం కట్టిస్తుంది. ఇంత వేషమూ వచ్చి ఆగేది ఎక్కడ? ఇంటి గుమ్మం ముందు. కడపకు పసుపు రాసి, చెంబుతో నీళ్లు పట్టుకుని, పళ్లెంలో కర్పూరం సిద్ధం చేసుకుని ఒక ఇల్లాలు అక్కడ ఎదురు చూస్తూ ఉంటుంది. వేషం కట్టినవాడి కాళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇస్తుంది. అంతవరకు ఆ మనిషి పక్క వీధి కుర్రాడే కావచ్చు. ఆ గుమ్మం దగ్గర ఆమెకు అతడు గంగమ్మ. జాతర అన్నది ఈ ఇద్దరి మధ్య జరుగుతుంది. వేషగాడు ఒక్కడే ఉండి, కాళ్లు కడిగే చెయ్యి లేకపోతే దాన్ని జాతర అంటామా, ఊరేగింపు అంటామా?

చాటింపు వేశాక ఊరివాళ్లు ఊరు దాటి పోకూడదన్న కట్టుబాటును ఒక్కసారి ఆలోచించండి. చాటింపు నుంచి జాతర ముగిసేదాకా ఊరు ఊరుగా కూడి ఉండాలని, రాత్రికి ఎవరింట్లో వాళ్లు ఉండాలని పెద్దలు పెట్టుకున్న నియమం అది. ఈ పండుగకు మొదటి అర్హత ఇక్కడ కాపురం ఉండటమే అని ఆ కట్టుబాటు చెబుతోంది. మరి ఒక్క రాత్రికి వచ్చి తెల్లారి రైలెక్కే మనిషికి ఆ చాటింపు ఏం చెబుతుంది? అతడి తప్పేం లేదు. కొండ మీద స్వామిని చూసుకోవడానికి వచ్చాడు, దర్శనం అయింది, వెళ్లిపోతాడు. అతడు బస చేసిన ఫ్లాటులో మాత్రం ఆ వారమంతా కడపకు పసుపు రాసేవాళ్లు ఉండరు. అంబలి కాచేవాళ్లు ఉండరు. పిల్లాడికి వేషం కట్టేవాళ్లు ఉండరు. తాళం చెవి పెట్టెలోంచి తీసుకుని, మళ్లీ పెట్టెలో పెట్టి పోయే ఇల్లు అది. వీధిలో అలాంటి ఇల్లు ఒకటుంటే ఎవరికీ పట్టదు. సగం వీధి అలా అయ్యాక వేషం ఆ వీధిలోకి తిరగడమే మానేస్తుంది.

ఎందుకలా అవుతుందో తెలుసుకోవడానికి పెద్ద ఆర్థిక శాస్త్రం అక్కర్లేదు. నెలకు 12 వేల అద్దె వచ్చే ఇల్లు ఒకటుంది అనుకుందాం. అదే ఇంటిని రోజుకు 2 వేలకు ఇస్తే ఆరు రోజులకే నెల అద్దె చేతికొచ్చేస్తుంది. శుభ్రం చేయించే ఖర్చు, ప్రకటన సంస్థ కమీషన్, కరెంటు బిల్లు పోను మిగతా రోజుల్లో సగం నిండినా యజమానికి లాభమే. ఇంకే ఊళ్లోనైనా సీజను పోతే గదులు ఖాళీ పడతాయన్న భయం ఉంటుంది. తిరుపతికి ఆ భయమూ లేదు. శ్రీవారి దర్శనానికి మామూలు రోజుల్లోనే 60 నుంచి 80 వేల మంది వస్తుంటారు. ఏడాది పొడవునా గిరాకీ ఉండే ఊళ్లో, అడ్డు చెప్పే నియమం లేకపోతే, నెల అద్దె కట్టే కుటుంబం రోజు అద్దె కట్టే యాత్రికుడితో పోటీపడి ఎలా నిలుస్తుంది? పదకొండు నెలల అగ్రిమెంటు గడువు తీరగానే ‘ఇల్లు మాకే కావాలి’ అన్న మాట వస్తుంది. ఆ కుటుంబం రేణిగుంట రోడ్డుకో, ఇంకా అవతలికో సర్దుకుంటుంది. పిల్లల బడి మారుతుంది. వేషం చూడాలంటే ఆటో కట్టించుకుని రావాల్సిన పరిస్థితి వస్తుంది. ఇందులో ఏ ఒక్క యజమానినీ నేను నిందించను. ఎవరి లెక్క వాళ్లు చూసుకున్నారు. అందరి లెక్కా చూడాల్సిన బాధ్యత మీది కాదా?

ఇంత భయం అక్కర్లేదంటారేమో. ప్రపంచంలో వేషాల పండుగలున్న ఊళ్లు మనకంటే ముందే ఈ దారిన నడిచాయి, వాటి సంగతి చూడండి. బెల్జియంలో బాంష్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కార్నివాల్‌ను 2003లో యునెస్కో గుర్తించింది. ముఖానికి మైనం పూసిన ముసుగు, తలపైన పెద్ద ఉష్ట్రపక్షి ఈకల టోపీ పెట్టుకునే ‘జిల్’ వేషం ఆ పండుగకు ప్రాణం. అంతర్జాతీయ కార్నివాల్, ముసుగుల మ్యూజియం కూడా 1975 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. అయినా వాళ్లు పండుగను మ్యూజియానికి అప్పగించి చేతులు దులుపుకోలేదు. ఆ వేషం కట్టాలంటే ఆ ఊరి కుటుంబానికి చెందినవాడై ఉండాలి, లేదా కనీసం ఐదేళ్లు అక్కడ కాపురం ఉండి ఉండాలి. వేషం కట్టినవాళ్లు ఊరు దాటి బయట ప్రదర్శన ఇవ్వరు. మన చాటింపు కట్టుబాటుకూ దీనికీ ఎంత దగ్గర పోలిక ఉందో గమనించారా? సముద్రాల అవతల ఉన్న పట్టణం కూడా మన పెద్దల్లాగే ఒక సంగతి గ్రహించింది. వేషం అంటే గుడ్డలూ రంగులూ కావు, ఆ వేషానికి ఒక చిరునామా ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. మార్డి గ్రా పండుగకు అక్కడి నల్లజాతి పేటలవాళ్లు పూసలు, ఈకలతో చేత్తో కుట్టుకునే వేషాలు ప్రసిద్ధం. ఒక్కో వేషానికి ఏడాది కష్టం పడుతుంది, మరుసటి ఏడాదికి మళ్లీ కొత్తది కుట్టాలి. ఆ వేషాలను భద్రపరచడానికి సిల్వెస్టర్ ఫ్రాన్సిస్ అనే ఆయన 1999లో ట్రెమే పేటలో బ్యాక్‌స్ట్రీట్ కల్చరల్ మ్యూజియం పెట్టారు. పేట పండుగను పేటలోనే దాచిన గొప్ప పని అది. అదే ట్రెమేలో ఇళ్లు ఒక్కొక్కటిగా యాత్రికుల బసలుగా మారిపోతూ వచ్చాయి. మ్యూజియం ఉంది, సంగీతం ఉంది, పాత ఇళ్ల అందం ఉంది. యాత్రికుడికి అంతకంటే ఏం కావాలి? ఆ అందానికి కారణమైన కుటుంబాలే అక్కడి అద్దెలు భరించలేక తరలిపోయాయి. చివరికి ఆ నగరం 2019లో నియమం చేసింది: నివాస ప్రాంతాల్లో యజమాని కాపురం లేని ఇంటిని మొత్తంగా రోజు అద్దెకు ఇవ్వకూడదు. 2022లో ఒక అప్పీలు కోర్టు, వేరే రాష్ట్రాల యజమానుల పట్ల వివక్ష చూపుతోందంటూ ఆ షరతును కొట్టేసింది. నగరం 2023లో మళ్లీ కొత్త నియమాలతో వచ్చింది. ఒక బ్లాకుకు సాధారణంగా ఒకటే అనుమతి, బస నడిపే మనిషి అక్కడే కాపురం ఉండాలి. ఈ కథ నుంచి మీరు నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ఇళ్లు ఖాళీ అయ్యాక చేసే చట్టం కోర్టుల చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ముందే చేయాలి. చట్టం యజమాని ఏ ఊరివాడని అడగకూడదు, ఆ ఇంట్లో మనుషులు కాపురం ఉంటున్నారా అని అడగాలి.

ఇక అభ్యంతరాల సంగతి. ‘సొంత ఇంటిని ఎవరికి ఇచ్చుకోవాలో యజమాని ఇష్టం కదా’ అని మీరంటారు. నిజమే. కానీ కాపురానికి ఇచ్చే ఇల్లు వేరు, రోజూ కొత్త మనుషులు దిగే బస వేరు. రెండోది వ్యాపారం. నివాస వీధిలో హోటల్ పెట్టాలంటే అనుమతులు, అగ్నిమాపక ఏర్పాట్లు, వాణిజ్య పన్ను అడిగే మీరు, అదే పని అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో జరుగుతుంటే ఎందుకు అడగరు? పింఛను మీద బతికే పెద్దవాళ్లకు, భర్త పోయిన ఆడమనిషికి పై గది అద్దె ఆసరా కదా అన్నది మరో మాట. వాళ్ల ఆసరా తీయమని నేను కోరను. అసలు హోమ్ స్టే అన్నది పుట్టిందే వాళ్ల కోసం. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ హోమ్ స్టే పథకం నిబంధనలు చూడండి. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు. అలాంటి ఇంట్లో దిగిన అతిథికి జాతరనాడు వేషం వచ్చిందని చెప్పి వాకిట్లోకి పిలిచే మనిషి ఉంటుంది. అతడు మన ఊరిని నిజంగా చూసి వెళతాడు. ఆ నిబంధన దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే వర్తిస్తే, పెట్టుకోనివాళ్లను అడిగేదెవరు? పది ఫ్లాట్లు లీజుకు తీసుకుని, ఒక్కదాంట్లోనూ కాపురం లేకుండా, అన్నిటికీ హోమ్ స్టే అని పేరు పెట్టుకుంటే ఆ పేరుకు అర్థం ఏం మిగిలింది?

‘వచ్చే భక్తులకు గదులు చాలడం లేదు, వాళ్లు ఎక్కడ పడుకోవాలి’ అన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో గుడ్డ పరుచుకుని పడుకునే యాత్రికులను చూసిన ఎవరూ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు. అయితే రాత్రికి 2 వేలు పెట్టే ఫ్లాటు ఆ మనిషి కోసం కాదన్నది కూడా అంతే నిజం. అతడికి కావాల్సింది తక్కువ ధరకు దొరికే సత్రం, శుభ్రమైన డార్మిటరీ, స్నానానికి నీళ్లు. వాటిని సమకూర్చాల్సింది దేవస్థానం, ప్రభుత్వం. అందుకు స్థలాలున్నాయి, రైలు, బస్సు దారులున్నాయి. ఆ బాధ్యతను పాతూరి కాపురాల మీదికి నెట్టి, భక్తుడి పేరు చెప్పి అద్దె వ్యాపారానికి దారి తెరవడం న్యాయమా? బసలు కట్టుకోవడానికి చోట్లు చాలా ఉన్నాయి. గంగమ్మ తిరిగే వీధులు మాత్రం అవే, వాటికి బదులుగా మరో చోట కట్టలేం.

‘అద్దెకుండేవాళ్లు ఎలాగూ బయటి ఊళ్లవాళ్లే, వాళ్లకు జాతరతో ఏం పని’ అన్న మాట కూడా వినిపిస్తుంది. ఈ మాట మా రాజంపేట లాంటి ఊళ్లను నేరుగా తాకుతుంది. మా పిల్లలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతారు. మా పెద్దవాళ్లు జబ్బు చేస్తే స్విమ్స్, రుయా ఆసుపత్రులకు వస్తారు. కోడూరు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి తిరుపతిలో అద్దె ఇళ్లలో స్థిరపడిన కుటుంబాలకు లెక్కలేదు. రోజు అద్దెలు నెల అద్దెలను పైకి నెడితే మొదట దెబ్బ తగిలేది వీళ్లకే. వీళ్లు జాతరకు పరాయివాళ్లు అనడం అన్యాయం. మా సీమలో గంగమ్మ లేని ఊరు అరుదు. లక్కిరెడ్డిపల్లె దగ్గరి అనంతపురం గంగమ్మ జాతరకు జనం తండోపతండాలుగా పోతారు. గంగమ్మకు అంబలి పోయడం, వేపమండలు కట్టడం మా ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బాంష్ పట్టణం ఐదేళ్లు కాపురమున్నవాణ్ని తనవాడిగా ఒప్పుకుంటోంది. మనం మాత్రం పదేళ్లు అద్దె కట్టినవాణ్ని బయటివాడంటామా? ఒక వీధిలో నాలుగు జాతరలు చూసిన ఇల్లాలు ఐదో జాతరకు తానే పసుపు నీళ్లు కలుపుకుని నిలబడుతుంది. ఆ నాలుగేళ్లు ఆమెను ఆ వీధిలో ఉండనివ్వడమే జాతరకు మీరు చేయగల గొప్ప సేవ.

పర్యాటకం వల్ల జాతరకు పేరొస్తుంది, డబ్బొస్తుంది, కావాలంటే వేషాలకు ఒక మ్యూజియం కట్టి భద్రపరుస్తాం అని రేపు మీరు అనవచ్చు. కట్టండి, సంతోషం. పాత చీరలు, సున్నపు కుండలు, ఫొటోలు, కైకాల పెద్దల మాటలు రికార్డు చేసి పెట్టాల్సిన అవసరం ఉంది. ఎమొరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ అనే పండితురాలు ఈ జాతర మీద ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో పెద్ద పుస్తకమే ప్రచురించారు. మన పనిని మనమూ చేసుకోవాలి కదా. అయితే ఒక్క హెచ్చరిక. మ్యూజియం కట్టిన మరుసటి నెలలోనే ‘జాతర మ్యూజియానికి రెండడుగుల దూరం’ అన్న మాట అద్దె ప్రకటనల్లో ధర పెంచే మాట అవుతుంది. చుట్టూ ఉన్న కాపురాలకు రక్షణ లేకుండా కట్టే మ్యూజియం, తాను ఎవరి గుర్తుగా నిలబడిందో వాళ్లనే అక్కడి నుంచి పంపించేస్తుంది. వెనిస్ నగరాన్ని చూడండి. ఆగిపోయిన కార్నివాల్‌ను 1979లో మళ్లీ మొదలుపెట్టారు, ముసుగులు పెట్టుకుని చూడవచ్చేవాళ్లకు కొదవ లేదు. 1951లో లక్షా 70 వేలు దాటి ఉన్న పాత నగర జనాభా మాత్రం 2022 నాటికి 50 వేల కిందికి పడిపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇళ్లు బసలైపోవడం వాటిలో ఒకటి. పండుగ పేరు పెరిగి ఊరు తరిగిపోవడం సాధ్యమేనని ఆ నగరం రుజువు చేసింది.

ఇది తిరుపతితో ఆగదు. రాష్ట్ర విభజన తర్వాత శ్రీరామనవమి వేడుకలను ప్రభుత్వం అధికారికంగా ఒంటిమిట్టలో జరుపుతోంది. 2015లో అక్కడి కోదండరాముడి ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చింది. వెన్నెల్లో జరిగే ఆ కల్యాణానికి వచ్చే జనం ఏటా పెరుగుతున్నారు. మా రాజంపేట పక్కనే అన్నమయ్య పుట్టిన తాళ్లపాక, 108 అడుగుల ఆయన విగ్రహం ఉన్నాయి. చెయ్యేటి ఒడ్డున అత్తిరాల శివరాత్రి తిరునాళ్ల ఉంది. తిరుపతిలో మీరు ఈ రోజు ఏ పద్ధతి పెడితే రేపు మా ఊళ్లకు అదే వస్తుంది. అతిథులు రావాలనే మేమూ కోరుకుంటాం. వచ్చేవాళ్లకు చూపడానికి ఊరంటూ మిగలాలి కదా అన్నదే మా ఆందోళన.

అందుకే కోరుతున్నాను. గంగమ్మ వేషాలు తిరిగే వీధులను గుర్తించి పటం తయారు చేయండి, ఆ పని కైకాల కుటుంబాలను, వీధి పెద్దలను కూర్చోబెట్టుకుని చేయండి. ఆ వీధుల్లో యజమానో, కనీసం నడిపే మనిషో కుటుంబంతో కాపురం ఉన్న ఇంటికే హోమ్ స్టే అనుమతి ఇవ్వండి. కాపురం లేని ఫ్లాట్లను వాణిజ్య బసలుగా లెక్కగట్టి, ఆ మేరకు పన్ను, నిబంధనలు వర్తింపజేయండి. ప్రతి ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని, అది లేని ప్రకటనను తీసేయాలని బుకింగ్ సంస్థలకు ఆదేశమివ్వండి. అక్కడ ఏళ్ల తరబడి ఒకే కుటుంబానికి అద్దెకిచ్చే యజమానికి ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వండి. అప్పుడు మంచి పని చేసే యజమానికి నష్టం రాదు. ఈ నియమాలన్నిటినీ వచ్చే చాటింపులోగా బహిరంగంగా ప్రకటించి, జనం అభిప్రాయం అడగండి. వీటిలో దేనికీ వందల కోట్లు అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక తనిఖీ బృందం, వీధి మీద కాస్త శ్రద్ధ చాలు. రాష్ట్ర పండుగ అన్న హోదా కాగితం మీద ఇచ్చేశారు. ఆ పండుగ చేసుకునే మనుషులకు ఇంటి నీడ కాపాడటం ఆ హోదాతో పాటు మీరు నెత్తికెత్తుకున్న పని. దాన్ని చేస్తారా, చేయరా అన్నది మీరు జనానికి చెప్పి తీరాలి.

భవదీయుడు,
రాజంపేట వాస్తవ్యుడు